హైదరాబాద్‌లో జీతం మీద బతికేవారికి ఇల్లు అందనప్పుడు ప్రభుత్వం చేయవలసింది ఏమిటి?

ప్రశ్న: నిజాంపేట అద్దెదారు

నేను ఒక ప్రైవేటు పాఠశాలలో గణితం చెబుతాను, మా వారు ఒక మందుల పంపిణీ సంస్థలో లెక్కలు రాస్తారు. ఇద్దరి జీతాలూ కలిపితే నెలకు 72,000 రూపాయలు వస్తాయి. పదకొండేళ్లుగా నిజాంపేట చుట్టుపక్కలే అద్దెకు ఉంటున్నాం, ఈలోగా మూడు ఇళ్లు మారాం. ఇప్పుడున్న రెండు పడకగదుల వాటాకు అద్దె 19,000, మెయింటెనెన్స్ వేరు. ఈ ఏడాది అద్దె పెంచుతామని యజమాని చెప్పిన రోజున, ఆ కట్టేదేదో సొంత ఇంటి వాయిదాగా కట్టుకుంటే పోదా అనుకుని, కాగితం తీసుకుని లెక్క వేయడం మొదలుపెట్టాను.

మాకు నచ్చిన ఫ్లాటు ధర 75 లక్షలు. అందులో బ్యాంకు ఎనభై శాతం, అంటే 60 లక్షలు ఇస్తుంది. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువు పెట్టుకుంటే నెలవాయిదా దాదాపు 52,000 అవుతుంది. మిగిలిన 15 లక్షలూ, రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం చొప్పున మరో ఐదున్నర లక్షలకు పైగానూ మేమే తెచ్చుకోవాలి. వాయిదా కట్టగా మిగిలే 20,000తో ఇద్దరు పిల్లల ఫీజులు, వంటింటి ఖర్చు, బస్సు పాసులు, మా అత్తగారి మందులు గడవాలి. రోజూ పిల్లల చేత లెక్కలు చేయించే నాకు ఈ లెక్క మాత్రం ఎటు తిప్పినా తెగలేదు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడతలో, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వడ్డీ రాయితీ ఉందని తెలిసి కొంత ఆశపడ్డాను. ఆదాయాన్ని బట్టి చూస్తే మేము అర్హులమే. అయితే ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు మించకూడదన్న నిబంధన ఉంది. ఆ ధరకు ఇల్లు దొరికే చోటి నుంచి నేను పనిచేసే బడికి వెళ్లిరావడానికి రోజుకు నాలుగు గంటలు పడుతుంది.

ప్రభుత్వం పేదలకు ఉచితంగా ఇచ్చే డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి దరఖాస్తు పెట్టుకునేంత పేదలం కాము, కోకాపేట వైపు చూసేంత కలిగినవాళ్లమూ కాము. మావంటి వారి విషయంలో ప్రభుత్వం అసలు కలగజేసుకోవాలా? కలగజేసుకుంటే ఇళ్లు కట్టించడం మంచిదా, రాయితీలు ఇవ్వడం మంచిదా, అద్దెలకు పరిమితి విధించడం మంచిదా? ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే చాలు, ధరలు వాటంతట అవే దిగివస్తాయని మా తమ్ముడు వాదిస్తున్నాడు. ఈ రంగంలో పనిచేసిన వారెవరైనా వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత ఇంజినీరు, కూకట్‌పల్లి

అమ్మా, ముందుగా మీ తమ్ముడు గారి వాదన సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో ప్రభుత్వం పక్కకు తప్పుకోవడం అంత సులభంగా జరిగే పని కాదు, ఎందుకంటే ఇక్కడి భూమి బజారులో పెద్ద అమ్మకందారుల్లో ప్రభుత్వమూ ఒకటి. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) కోకాపేట నియోపొలిస్‌లో 45.33 ఎకరాలను వేలం వేస్తే 3,319.60 కోట్ల రూపాయలు వచ్చాయి. అందులో ఒక ప్లాటు ఎకరా 100.75 కోట్లు పలికింది. దీన్ని గజాల్లోకి మారిస్తే గజం రెండు లక్షల ఎనిమిది వేలకు పైమాటే. వేలంలో ఆ ధర పలికిన మరునాడు పక్క గ్రామంలో భూమి ఉన్నవారు పాత ధరకు అమ్ముతారని అనుకోలేం. ఇలా వచ్చిన సొమ్ము పథకాలకూ, రోడ్లకూ పనికివస్తుందన్నది నిజమే కానీ, ఒక చేత్తో నగరంలోని భూమికి గరిష్ఠ ధర రాబట్టుకుంటూ, రెండో చేత్తో నగరం అంచున ఉచితంగా ఇళ్లు పంచడాన్ని గృహ విధానం అని పిలవడానికి నాకు మనసు ఒప్పదు.

ఈ నగరంలో ప్రభుత్వం ఇళ్ల విషయంలో కలగజేసుకోవడం కొత్త కాదు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత, నిజాం ప్రభుత్వం 1912లో నగరాభివృద్ధి కోసం ఒక బోర్డును నెలకొల్పింది. ఇరుకు బస్తీలను తొలగించి వాటి స్థానంలో పద్ధతిగా ఇళ్లు కట్టించడం దాని పనుల్లో ఒకటి. స్వాతంత్ర్యం తర్వాత ఆ బాధ్యత హౌసింగ్ బోర్డుకు వచ్చింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి కూకట్‌పల్లి కాలనీ పనులు జరుగుతూ ఉన్నాయి. అప్పట్లో పద్ధతి సాదాగా ఉండేది: నగరానికి దూరంగా పెద్ద మొత్తంలో భూమి తీసుకోవడం, హడ్కో వంటి సంస్థల నుంచి అప్పు తేవడం, తక్కువ ఆదాయం వారికి ఎల్ఐజీ, మధ్య తరగతికి ఎంఐజీ, పైవారికి హెచ్ఐజీ అని ఇళ్లను విభజించి కట్టడం, కిరాయి కొనుగోలు పద్ధతిలో ఏళ్ల తరబడి వాయిదాలు వసూలు చేసుకోవడం. ఆ పేర్లు నేటికీ అక్కడి ఇంటి నంబర్లలో మిగిలి ఉన్నాయి. గుమస్తాలు, బస్సు కండక్టర్లు, మీవంటి ఉపాధ్యాయులు ఆ ఇళ్లలో చేరడం నేను కళ్లారా చూశాను.

ఆ పద్ధతిలో లోపాలు లేవని చెప్పను. తొలి రోజుల్లో అక్కడికి సరైన బస్సు లేదు, నీళ్లు వంతుల వారీగా వచ్చేవి, అంత దూరం ఎవరు పోతారని చుట్టాలు ఎగతాళి చేసేవారు. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఇంటితో పాటు భూమిని కూడా శాశ్వతంగా అమ్మేయడం వల్ల, ప్రభుత్వం కల్పించిన మేలు మొదటి కొనుగోలుదారుతోనే ఆగిపోయింది. అక్కడ ఇల్లు దొరికినవారి పిల్లలకు కోట్ల ఆస్తి మిగిలింది, ఈనాటి ఉపాధ్యాయురాలికి మాత్రం అదే కాలనీలో అద్దె కట్టడమే భారం. 2025లో అదే కూకట్‌పల్లి కాలనీలో (కేపీహెచ్‌బీ) మిగిలి ఉన్న 7.8 ఎకరాల భూమిని హౌసింగ్ బోర్డే వేలం వేయగా ఎకరా 70 కోట్లు పలికింది. మధ్యతరగతికి ఇళ్లు కట్టడానికి పుట్టిన సంస్థ, మెట్రో స్టేషన్లున్న ప్రాంతంలో తన చేతిలోని భూమిని ఆ పనికి వాడకుండా అమ్ముకోవడం చూసి, ఒకప్పుడు అందులో పనిచేసిన మేము చాలామందిమి బాధపడ్డాం.

మీకు ఇంకో ఉదాహరణ కూడా చెప్పాలి, ఎందుకంటే అది నా వాదనకు ఎదురు తిరిగేది. సరిగ్గా మీవంటి మధ్యతరగతి వారి కోసమే 2007లో రాజీవ్ స్వగృహ సంస్థ ఏర్పడింది. బండ్లగూడ, పోచారం వంటి చోట్ల భవనాలు లేచాయి కానీ, పనులు మధ్యలో నిలిచిపోయి ఏళ్ల తరబడి గోడలకు నాచు పట్టింది. 2022లో వాటిని లాటరీ ద్వారా అమ్మారు. బండ్లగూడలో పనులు పూర్తయిన ఫ్లాట్లకు చదరపు అడుగు ధర 3,000 రూపాయలుగా నిర్ణయించినప్పుడు, ఉన్న ఇళ్ల కంటే ఎన్నో రెట్లు దరఖాస్తులు వచ్చాయి. గిరాకీ లేక ఆ పథకం దెబ్బతినలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. పదిహేనేళ్ల పాటు స్థిరంగా డబ్బు, సిబ్బంది, బాధ్యత ఉన్న సంస్థ వెనుక నిలబడకపోతే ప్రభుత్వం కట్టే ఇళ్లకూ అదే గతి పడుతుంది.

జవాబు: చిన్న బిల్డరు, మియాపూర్

ఇంజినీరు గారు చెప్పిన భూమి సంగతితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, అయితే మావైపు లెక్క కూడా చూడమని మనవి. హైదరాబాద్‌లో ఎన్ని అంతస్తులు కట్టవచ్చన్న దానిపై 2006 నాటి జీవో 86 తర్వాత, ప్లాటు విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం మాత్రమే ఎత్తును నిర్ణయిస్తాయి. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ముంబయి వంటి నగరాల్లో ఎత్తు మీద ఆంక్షల వల్ల ఇళ్లు తక్కువయ్యాయని అంటారు కదా, ఆ కారణం ఇక్కడ చెల్లదు. నిర్మాణానికి ఇంత వెసులుబాటు ఉన్నా ధరలు పెరిగాయంటే, ఎన్ని అంతస్తులు వేయవచ్చో ముందే లెక్కగట్టి, ఆ లాభమంతా భూమి ధరలోనే కలిపి అడుగుతున్నారన్నమాట. ఎకరా వంద కోట్లకు కొన్న చోట నాలుగు లక్షల చదరపు అడుగులు కట్టారనుకుందాం. ఒక్కో అడుగు మీద భూమి ఖర్చే 2,500 పడుతుంది. పన్నెండు వందల అడుగుల ఫ్లాటులో ఇటుక పేర్చకముందే ముప్పై లక్షలు పోయినట్టు. అటువంటి చోట చవకగా కట్టమంటే ఎవరూ కట్టలేరు.

ఇక ప్రభుత్వాల వాటా. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ ఐదు శాతం. అందుబాటు ధర ఇల్లు అనిపించుకుంటే ఒక శాతమే, కానీ దానికి కార్పెట్ ఏరియా (గోడల లోపలి విస్తీర్ణం) మన నగరంలో 60 చదరపు మీటర్లు, ధర 45 లక్షలు మించకూడదు. ఈ 45 లక్షల గీత 2019లో గీసినది. ఆ తర్వాత ఇసుక, ఇనుము, కూలి, భూమి అన్నీ పెరిగినా అది మాత్రం కదల్లేదు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చులు 2021 జులైలో ఆరు శాతం నుంచి ఏడున్నరకు పెరిగాయి. మీరు చెప్పిన 75 లక్షల ఫ్లాటు నిర్మాణంలో ఉండగా కొంటే, రెండు పన్నులూ కలిపి తొమ్మిది లక్షల ముప్పై వేలు దాటుతాయి. మీ కుటుంబానికి అది ఏడాది జీతం కంటే ఎక్కువ. రాయితీ ఇస్తామని ప్రకటించే ముందు, మొదటిసారి ఇల్లు కొనేవారి నుంచి తీసుకుంటున్నది తగ్గించడం సులువైన పని అని నా అభిప్రాయం.

అద్దెల పరిమితి మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో 1960 నుంచే అద్దె నియంత్రణ చట్టం ఉంది. అద్దెదారు కదలడేమోనన్న భయంతో ఇంటికి తాళం వేసి ఉంచుకునే యజమానులు నాకు చాలామంది తెలుసు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. ఒప్పందాలు పక్కాగా రాసుకుని, తగాదా వస్తే కొన్ని నెలల్లో తేలే ఏర్పాటు ఉంటే, అటువంటి ఇళ్లలో కొన్నయినా టులెట్ బోర్డు పెట్టుకుంటాయి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాసాలకు అడ్వాన్సు రెండు నెలలు మించకూడదని ఉంది. యజమానికీ అద్దెదారుకూ ఇద్దరికీ మేలు చేసే అంశాలు అందులో ఉన్నాయి.

వీటన్నిటితో సంబంధం లేకపోయినా ఒక మాట. తక్కువ ధరకు వస్తుందని ప్రీలాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే జరిగే అమ్మకాల్లో, డబ్బు కట్టవద్దు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు నంబరు లేని కాగితం మీద సంతకం చేయవద్దు. ఇంటి ధరలు పెరిగినకొద్దీ మీవంటివారే ఆ వలలో ముందుగా పడుతున్నారు.

జవాబు: సింగపూర్ నుంచి ఒక తెలుగు ఉద్యోగి

ఇళ్ల మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు సింగపూర్ పేరు ఎత్తుతారు కనుక, ఇక్కడ పద్నాలుగేళ్లుగా ఉంటున్నవాడిగా కొన్ని విషయాలు చెబుతాను. 1960లో హెచ్‌డీబీ అనే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది, ఇప్పుడు ఇక్కడి నివాసుల్లో ఎనభై శాతానికి దగ్గరగా అది కట్టిన ఇళ్లలోనే ఉంటున్నారు. అవి ఉచితం కావు, నెలనెలా జీతంలో కోతపడే నిర్బంధ పొదుపు నుంచి వాయిదాలు పోతాయి. 1966లో చేసిన భూసేకరణ చట్టంతో ప్రభుత్వం ప్రైవేటు భూమిని చవకగా తీసుకోగలిగింది. ఆ భూమిని నేటికీ తన దగ్గరే ఉంచుకుంది. కొన్నవారికి దక్కేది 99 ఏళ్ల లీజు మాత్రమే. కొత్త ఇల్లు తీసుకున్నాక కనీసం ఐదేళ్లు అందులో ఉండకుండా అమ్మడానికి వీల్లేదు. ఇంజినీరు గారు కూకట్‌పల్లిలో లోపించిందని చెప్పినది సరిగ్గా ఇదే.

అయితే ఇక్కడా అంతా సవ్యంగా లేదు. నడిబొడ్డున ఉన్న పాత ఫ్లాట్లు కొన్ని పది లక్షల సింగపూర్ డాలర్లు దాటి అమ్ముడవుతున్నాయి. లీజు చివరికి వచ్చే ఇళ్ల విలువ ఏమవుతుందన్న ఆందోళన ముసలివారిలో ఉంది. నావంటి విదేశీయులకు ఆ కొత్త ఇళ్లు కొనే హక్కు లేదు, నేను ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. పైగా ఆనాటి భూసేకరణలో తక్కువ పరిహారంతో భూమి పోగొట్టుకున్నవారి సంగతి ఇక్కడి పొగడ్తల్లో వినిపించదు. మన దగ్గర 2013 భూసేకరణ చట్టం తర్వాత ఆ పద్ధతి సాధ్యమూ కాదు, న్యాయమూ కాదు. కనుక కొత్తగా భూమి సేకరించడం కంటే, ఇప్పటికే ప్రభుత్వం చేతిలో ఉన్న భూమిని అమ్మకుండా ఆపడమే హైదరాబాద్‌కు వర్తించే పాఠం అనిపిస్తుంది.

జవాబు: విజయవాడ వాసి

మా వైపు అనుభవం క్లుప్తంగా చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం టిడ్కో అనే పట్టణ గృహనిర్మాణ సంస్థ ద్వారా 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు మొదలుపెట్టింది. తర్వాతి ప్రభుత్వం 2020 డిసెంబరు నుంచి పట్టణాల్లో సెంటు చొప్పున స్థలాలు పంచింది. సెంటంటే 48 గజాలు. అందులో మంచం, పొయ్యి, బండి పట్టాలి. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం పట్టణంలో రెండు సెంట్లు ఇస్తామంది. ఒకరు కట్టినవి ఇంకొకరికి రుచించక, టిడ్కో భవనాలు చాలా ఊళ్లలో కిటికీలు లేకుండా ఏళ్ల తరబడి నిలబడిపోయాయి. ప్రభుత్వం కట్టాలా వద్దా అన్న చర్చ కంటే ముందు, ప్రభుత్వం మారితే ఆ ఇల్లు ఏమవుతుందన్న భరోసా కావాలి.

జవాబు: బోరబండ నుంచి

మధ్యతరగతి సంగతి చాలామంది రాశారు కనుక, వారి ఇళ్లలో పనిచేసేవారి సంగతి నేను రాస్తాను. 2023 జూన్‌లో కొల్లూరులో ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు, లబ్ధిదారు చెల్లించాల్సింది ఏమీ లేదు. గుడిసెల్లో బతికినవారికి అది చిన్న విషయం కాదు, ఆ పథకాన్ని తక్కువచేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

మా వీధిలో నాలుగు ఇళ్లలో అంట్లు తోమి బట్టలుతికే ఒకామెకు నగరం అంచున ఒక కాలనీలో ఇటువంటి ఇల్లు వచ్చింది. తాళంచెవి చేతికి వచ్చిన రోజున వీధంతా మిఠాయి పంచింది. మూడు నెలలు అక్కడి నుంచే పనికి వచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రెండు బస్సులు మారినా ఎనిమిదికి ముందు ఇక్కడికి చేరలేకపోయేది, ఆలస్యమవుతోందని రెండు ఇళ్లవాళ్లు మాన్పించారు. చివరికి ఆ ఇంటికి తాళం వేసి, మళ్లీ మా బస్తీలోనే 4,500కు రేకుల గది అద్దెకు తీసుకుంది. ఇల్లు వద్దని ఆమె అనలేదు, ఆ చుట్టుపక్కల పని లేదు, అంతే. అధికారులు తనిఖీకి వచ్చి తాళం చూస్తే కేటాయింపు రద్దవుతుందన్న భయంతో, ఆదివారాలు వెళ్లి దీపం పెట్టి వస్తోంది. ఇటువంటివారికి నగరం లోపల ఒకటిన్నర గదుల ప్రభుత్వ అద్దె ఇల్లు, నెలకు రెండు వేలకో మూడు వేలకో దొరికితే, ఉచితంగా వచ్చిన 560 అడుగుల కంటే ఎక్కువ ఉపయోగపడుతుందని నేను నమ్ముతున్నాను. 2020లో కరోనా కాలంలో వలస కూలీలు నడిచి ఊళ్లకు వెళ్లిన తర్వాత కేంద్రం అద్దె గృహ సముదాయాల పథకం ఒకటి తెచ్చింది గానీ, మా చుట్టుపక్కల దాని జాడ నాకు కనిపించలేదు.

జవాబు: విశ్రాంత ఇంజినీరు, కూకట్‌పల్లి

బోరబండ నుంచి రాసినవారి మాట చదివాక నా అభిప్రాయానికి ఒక సవరణ చేసుకుంటున్నాను. మధ్యతరగతికి లీజు ఇళ్లు, కూలీలకు అద్దె ఇళ్లు అని రెండు వేర్వేరు కాలనీలు కట్టడం కంటే, మెట్రో, ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్లకు నడిచిపోగల దూరంలో ఉన్న ప్రభుత్వ స్థలాల్లో రెండూ ఒకే ఆవరణలో కట్టాలి. 2007 నాటి జాతీయ పట్టణ గృహ విధానం ప్రతి కొత్త ప్రాజెక్టులో పది నుంచి పదిహేను శాతం భూమిని పేదలకు, అల్పాదాయ వర్గాలకు కేటాయించాలని చెప్పింది. మాటగా చాలా బాగుంది. ప్రైవేటువారిని అడిగే ముందు ప్రభుత్వం తన వేలాల్లోనే ఆ పని చేసి చూపాలి: పది ఎకరాలు అమ్మితే కనీసం ఒకటిన్నర ఎకరం అక్కడే మిగుల్చుకోవాలి. ఖజానాకు ఆ మేరకు రాబడి తగ్గుతుంది, ఆ లోటును ఒప్పుకునే ధైర్యం ఉండాలి. బిల్డరు గారు చెప్పిన పన్నుల తగ్గింపు మంచిదే, కానీ భూమి ధర అదుపులో లేని చోట, తగ్గించిన పన్నును కూడా కొన్నాళ్లకు భూమి అమ్మేవారే మింగేస్తారేమోనని నా సందేహం.

ప్రశ్న అడిగిన అమ్మగారిని నేనొకటి అడుగుతాను. బడికి దగ్గరలో, వేలం వేయని ప్రభుత్వ స్థలంలో, 99 ఏళ్ల లీజు మీద, భూమి ధర కలపకుండా, నిర్మాణ ఖర్చు మాత్రం వాయిదాల్లో తీసుకుని 35 లక్షలకు ఇల్లు ఇస్తే తీసుకుంటారా? మార్కెట్ ధరకు అమ్ముకునే వీలు ఉండదు. వదిలేసే రోజున బోర్డుకే తిరిగి ఇవ్వాలి.

జవాబు: నిజాంపేట అద్దెదారు

అందరికీ ధన్యవాదాలు. మీ ప్రశ్నను రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో అందరి ముందూ పెట్టాను. నేనూ మా వారూ వెంటనే తీసుకుంటామన్నాం. ఇరవై ఏళ్లకు 25 లక్షల రుణమంటే వాయిదా 22,000 లోపే, అది మేము ఇప్పుడు కడుతున్న అద్దెకు మెయింటెనెన్స్ కలిపితే అయ్యేదే. మా అత్తగారు మాత్రం అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "పట్టా మన పేరున లేనిదాన్ని ఇల్లంటారా, పిల్లలకు ఏం రాసిస్తారు?" అన్నారు. ఆవిడ పుట్టిన ఊళ్లో ముప్పై ఏళ్లు దున్నుకున్న పొలం కాగితాలు లేవన్న కారణంతో పోయింది, కనుక ఆ మాటను నేను కొట్టిపారేయలేకపోయాను. ఇంజినీరు గారూ, లీజు కాగితం బ్యాంకులో కుదువ పెట్టుకోవడానికి, పిల్లల పేరుకు మార్చడానికి పనికివస్తుందా, మీరు ఉద్యోగం చేసిన రోజుల్లో అటువంటి ఏర్పాటు ఎక్కడైనా ఉండేదా, దయచేసి చెప్పండి. ఆవిడకు నేను సమాధానం చెప్పాల్సి ఉంది.